నీడలేని మొగము

గడచిన మాసమున ఈ పుటలయందు పట్టుచీరలను చిరకాలము భద్రపరచుకొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున చీరను గాక, ఆ చీర కట్టుకొన్న మనిషి రూపమును భద్రపరచు విద్యను గూర్చి, అనగా ఛాయాచిత్రమును గూర్చి, అందును ముఖ్యముగా మొగముపై వెలుతురును నిలుపు పద్ధతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి. ఇది స్టూడియోవారి పని, మన కేల యని యనుకొనవలదు. వంట మనము చేయకపోయినను ఉప్పు చాలినదో లేదో చెప్పగలుగుట యవసరము కదా; ఇదియు నట్టిదే.

పెండ్లియీడు వచ్చిన పిల్ల యింట నున్నచో, ఈ దినములలో మొట్టమొదట బయలుదేరునది జాతకము గాదు, ఫొటో. పిల్ల గడప దాటకమునుపే ఆమె బొమ్మ చేతిఫోనులలో పది యూళ్లు తిరిగి వచ్చును. ఎన్నడును చూడనివారు ఆ బొమ్మను చూచి ఔననియు కాదనియు నిర్ణయింతురు. ఇంతటి యధికారము గల వస్తువు ఏ వెలుతురున తీయబడినదో, ఎందు నిజము చెప్పినదో, ఎందు బొంకినదో తెలిసికొనుట స్త్రీలకు వ్యర్థమైన చదువు కాదు. ఇంత గట్టిగా చెప్పుటకు మేము చేసిన తప్పొకటి కారణము. దానిని దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని తోచినది.

మా చెల్లెలు తాండూరున కాపురమున్నది. మరిదిగారు నాపబండలకు పాలిషు పెట్టు కార్ఖానాలో లెక్కలు వ్రాయుదురు. వారి పెద్దబిడ్డ డిగ్రీ పరీక్ష నిచ్చినది. చామనచాయ, కోలమొగము, విశాలమైన కన్నులు; నవ్వినపుడు ఎడమ బుగ్గపై చిన్న సొట్ట పడును. అది మా యమ్మ పోలిక. నిరుడు సంక్రాంతికి ఆ పిల్ల వికారాబాదునకు మా యింటికి వచ్చియుండగా, సంబంధములవారికి పంపుటకు మంచి ఫొటో కావలయునని మా చెల్లెలు కబురు పెట్టినది. మేమే ముందునడచి ఒక స్టూడియోకు తోడ్కొనిపోయితిమి.

అచ్చట నున్న యువకుడు మర్యాదస్థుడే. పిల్లను తెల్లని తెరయెదుట కూర్చుండబెట్టి, కుడియెడమల సమానమైన బలము గల రెండు గొడుగు దీపములను నిలిపెను. మూడవ దీపము తెరమీద పడుచుండెను. మేము ఊరకుండక, "నాయనా, పిల్ల కొంచెము తెల్లగా వచ్చునట్లు తీయుము" అంటిమి. "దాని కేమున్న దమ్మా, చేసి యిస్త" అని యతడు తరువాత కంప్యూటరు ముందు పది నిమిషములు కూర్చుండెను. బొమ్మ చేతికి వచ్చినది. మొగము పున్నమచంద్రునివలె తెల్లగా నుండెను, ముక్కుదూలము బుగ్గలలో కలిసిపోయినది, సొట్ట మాయమైనది. పిల్ల దానిని చూచి, "పెద్దమ్మా, ఇది నేనేనా?" అని యడిగినది. "నీవు గాక మరెవరే బిడ్డా!" అని మేము నవ్వివేసితిమి.

రెండు నెలలకు పెండ్లిచూపులవారు తాండూరు వచ్చిరి. వారిలో నొక పెద్దామె ఫోనులోని బొమ్మను చూచి, పిల్లను చూచి, మరల బొమ్మను చూచినది. "ఫొటోల పిల్ల వేరే ఉన్నది గద" అని ప్రక్కనున్నామెతో అన్నమాట గదిలోనున్న అందరికిని వినబడినది. వారు చాయ త్రాగి, మర్యాదగా సెలవు పుచ్చుకొని పోయిరి. తరువాత కబురు లేదు. సంబంధము తప్పిపోయినందులకు మాకు విచారము లేదు. ఆ రాత్రి పిల్ల మాతో ఫోనులో నన్నమాటయే గుండెలో నాటుకొన్నది: "వాళ్లు నన్ను చూడనే లేదు పెద్దమ్మా. ఆ ఫొటో లెక్క లేనన్న సంగతే చూసిండ్రు." అప్పటినుండి ఆ పిల్ల ఫొటో యన్న మొగము చాటుచేసికొనుట మొదలుపెట్టినది. తెల్లదనము కోరినది మేము. సిగ్గుపడినది ఆ పిల్ల.

ఆ దినములలో మేము అలవాటుచొప్పున భారతము చదువుకొనుచుండగా అరణ్యపర్వమున నలోపాఖ్యానము తటస్థించినది. దమయంతి స్వయంవరమున ఇంద్రాగ్ని వరుణ యములు నలుగురును నలుని రూపమే ధరించి కూర్చున్నారు. ఐదుగురు నలులలో నిజమైన నలుని ఆ సాధ్వి ఎట్లు గుర్తించినది? దేవతలకు చెమట లేదు, రెప్పపాటు లేదు, వారి పూలమాలలు వాడవు, పాదములు నేలకు తగులవు, నీడ పడదు. ఎవనికి చెమటయు, రెప్పపాటును, నీడయు నున్నవో వాడే మనుష్యుడు, వాడే తన వాడు. ఈ కథను మేమెన్నిమార్లు చదివితిమో! కాని స్టూడియోలో మా పిల్ల మొగమునుండి నీడను తుడిచివేయు డని కోరినపుడు మాకిది జ్ఞప్తికి రాలేదు. నీడ లేని మొగము దొంగనలుని మొగము.

బొమ్మ యొక్క ప్రయోజనమేమో భాగవతమును చెప్పినది. ఉషకు స్వప్నమున కనబడినవా డెవడో తెలియక పరితపించుచుండగా, చెలికత్తె చిత్రలేఖ రాజకుమారు లందరి రూపములను వ్రాసి చూపినది. అనిరుద్ధుని బొమ్మ చూడగానే ఉష గుర్తుపట్టినది. చిత్రలేఖ అందముకొరకు అనిరుద్ధుని ముక్కు సవరించి, మేనిచాయ మార్చియున్నచో ఆ కథ అక్కడనే ముగిసియుండును. గుర్తుపట్టించుటయే బొమ్మ ధర్మము. అందము దానివెంట రావలయును గాని దానికి ముందు నడువరాదు.

ఐనను మేము ఆ స్టూడియో యువకుని నిందింపము. ఈ విద్య పుట్టినప్పటినుండియు దానిలో చామనచాయకు కొంత యన్యాయము జరుగుచునే యున్నది. అదెట్లో తెలియుటకు మన ప్రాంతపు కథనే కొంత చెప్పవలయును.

వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము 1874లో తెరువబడినది. తాండూరును వికారాబాదును ఆ దారిలోనివే. తరువాత పండ్రెండేండ్లకు, 1886లో, లాలా దీనదయాళుగారు సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పిరి. వీరు 1844లో మీరట్టు చేరువనున్న సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరున ఉద్యోగము చేయుచు ఈ కళ నభ్యసించినవారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి యాస్థాన ఛాయాచిత్రకారులై రాజా బిరుదము నందిరి. మా వికారాబాదు ఏ పైగా ప్రభువు పేర వెలసినదో ఆ వికారుల్ ఉమ్రాగారు కట్టించిన ఫలక్‌నుమా సౌధమును గూడ వీరు చిత్రించిరి. స్త్రీలమైన మన కంతకంటె ముఖ్యమైన సంగతి, 1892లో వీరు హైదరాబాదున స్త్రీలకొరకే ప్రత్యేకముగా జనానా స్టూడియో నొకటి తెరచుట. ఎత్తైన గోడల చాటున, పురుషుల కంట బడకుండ, ఘోషా స్త్రీలు వచ్చి బొమ్మ తీయించుకొనుట కది యేర్పడినది. దానిని నడపినది కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత. స్త్రీ మొగమును స్త్రీయే యెదుట నిలిచి చూచి చిత్రించు నేర్పాటు మన సీమలో నూటముప్పది యేండ్లకు పూర్వమే యుండెనన్నమాట.

ఆ కాలపు స్టూడియోలు చాలవరకు పగటి వెలుతురుమీదనే యాధారపడి యుండెడివి. పైకప్పునకో, ఉత్తరపు గోడకో గాజుపలకలు బిగించి, వానిక్రింద తెల్లని నల్లని తెరలు కట్టి, కావలసినంత వెలుతురును రానిచ్చి తక్కినదానిని మూసివేయుచుండిరి. ఇందులకు సొమ్ముకంటె నేర్పు ముఖ్యము. కలకత్తాలో 1815లో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను గృహిణికి నలువదియెనిమిదవ యేట, 1863లో, కూతురును అల్లుడును ఒక కెమేరా కానుకగా నిచ్చిరి. ఆమె ఇంగ్లండులో తన పెరటిలోని కోళ్లగూటికి గల గాజుకప్పునే ఆధారముగా జేసికొని దానిని స్టూడియోగా మార్చుకొన్నది. ఒక ప్రక్కనుండి మాత్రమే వెలుతురు పడనిచ్చి, తక్కిన ప్రక్కను నీడకు విడిచి ఆమె తీసిన స్త్రీల మొగములు నేటికిని లోకమున మాన్యతకెక్కి యున్నవి.

కాని ఆ నాటి గాజుపలకలపై పూయు రసాయనములకు నీలివన్నె వెలుతురే బాగుగా తెలియును. ఎరుపును గోధుమవన్నెయు సరిగా తెలియవు. కావున ఎఱ్ఱదనము గల మన మేనిచాయ ఉన్నదానికంటె నల్లగా బొమ్మలో దిగుచుండెను. పిదప రంగుల ఫిల్ములు వచ్చినపుడు, గడచిన శతాబ్దపు నడిమికాలమున, కొడాక్ సంస్థవారు రంగులు సరిచూచుకొనుటకు స్టూడియోల కిచ్చు నమూనా బొమ్మ తెల్లజాతి స్త్రీదే. ఆమెకు సరిపడిన కొలతయే అందరికిని కొలత యైనది. బొమ్మ నల్లబడినచో తప్పు కొలతది గాక పిల్లదని మనము నమ్మితిమి; పౌడరు పూసితిమి; ఇప్పుడు కంప్యూటరుచే పూయించుచున్నాము.

ఇక అసలు విద్యకు వత్తము. మన భాషలో మేనిచాయ యన్నను ఛాయయే, నీడ యన్నను ఛాయయే. ఈ విద్యకు ఛాయాచిత్రమని పేరు పెట్టినవారు రెంటిని కలిపియే చూడుడని చెప్పినట్లున్నది. వెలుతురు మొగముపై బడునపుడు తెలిసికొనవలసిన సంగతులు నాలుగు.

మొదటిది వెలుతురు యొక్క పరిమాణము. మిట్టమధ్యాహ్నము ఎండలో నిలిచినచో నీడ కత్తితో కోసినట్లుండును. మబ్బుపట్టిన దినమున నీడయంచు మెత్తగా కరిగిపోవును. సూర్యు డెంత పెద్దవాడైనను దూరమున నుండుటచే మనకు చిన్న బిళ్లవలె గనబడును; మబ్బు వచ్చినపుడు ఆకాశమంతయు దీపమే యగును. చిన్న దీపము కఠినము, పెద్ద దీపము కోమలము. స్టూడియోలోని గొడుగులును, తెల్లగుడ్డ కప్పిన సాఫ్టుబాక్సు అను పెట్టెలును చేయుపని యిదియే: చిన్న దీపమును పెద్దది చేయుట. సూర్యుని తేజము నోపలేక సంజ్ఞాదేవి తన ఛాయను ఇంట నిలిపి పుట్టింటికి బోగా, ఆమె తండ్రి విశ్వకర్మ సూర్యుని సానబట్టి తేజము తగ్గించెనని పురాణము. మామగారు చేసిన పనినే ఒక గజము తెల్లగుడ్డ చేయుచున్నది.

రెండవది దిక్కు. కెమేరా ప్రక్కనుండియే మొగముపై సూటిగా వెలుతురు కొట్టినచో నీడలన్నియు మొగము వెనుకకు పారిపోవును. ముక్కు, చెంప, గడ్డము ఒకే బల్లపరుపుగా గనబడును. రెండు ప్రక్కల సమానమైన దీపములు పెట్టినను ఫలమిదియే. ఒకే ప్రధాన దీపమును మొగమునకు సగము ప్రక్కగా, కంటికంటె కొంచె మెత్తున నిలిపినచో ముక్కునీడ చిన్నదై పెదవిమూల వైపునకు వాలును. చెంప యెత్తు తెలియును. ఇది చాలమందికి నప్పును. దీపమును ఇంకను ప్రక్కకు జరిపినచో రెండవ చెంపపై త్రికోణాకారముగ చిన్న వెలుగు మాత్రమే నిలుచును. పదునేడవ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వ్రాసిన మొగములలో నిట్లుండుటచే దానికాయన పేరే వచ్చినది. గుండ్రని మొగమును కొంత సన్నముగ జూపుట కిది మంచిది. దీపమును కెమేరాకు నేరుగా పైన, ఎత్తున నిలిపినచో ముక్కుక్రింద సీతాకోకచిలుక రెక్కలవంటి చిన్న నీడ పడును. 1930 ప్రాంతములలో హాలివుడ్ సినిమావారు మార్లీన్ డీట్రిచ్ వంటి తారల నిట్లే చూపిరి. నేటి స్టూడియోలలో అందమునకై తీయు బొమ్మలకు, ఈ పద్ధతిలోనే గడ్డముక్రింద తెల్లని పలక నొకదానిని చేర్చి, కంటిక్రింది నీడలను మెత్తబరతురు. క్రిందినుండి మాత్రము ప్రధాన దీపము పెట్టరాదు; నాటకములలో దయ్యమును చూపుట కది వాడుక.

మూడవది దూరము. దీపము రెట్టింపు దూరమునకు జరిగినచో వెలుతురు సగము గాదు, నాలుగవ వంతుకు దిగును. దీపము దగ్గరనున్న కొలది మొగమునకు పెద్దదిగా దోచి కోమలమగును. వెనుకనున్న గోడ తనంతట మసకబారును. పొయ్యిదగ్గర కూర్చున్నవారికి సెగ, రెండడుగు లివతల నున్నవారికి వెచ్చదనము మాత్రమే తగులుట మన మెరిగినదే కదా.

నాలుగవది వన్నె. కిటికీనుండి వచ్చు పగటి వెలుతురు కొంచెము నీలము. పాత బల్బు వెలుతురు పసుపు. రెండును కలిసినచో మొగము ఒకప్రక్క కామెర్లవలె, ఒకప్రక్క చలిపట్టినట్లు గనబడును. పగలు తీయునపుడు ఇంటి దీపము లార్పవలయును.

ఇక చామనచాయ మాట. నల్లని మొగమునకు ఎక్కువ వెలుతురు కొట్టవలయునని తలచుట గొప్ప పొరపాటు. గుడిలో నల్లరాతి మూర్తిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఎదుట ట్యూబులైటు వెలుగుచుండగా స్వామి మొగము తెలియదు. అర్చకులు హారతి నెత్తి ప్రక్కకు త్రిప్పినపుడు కనుబొమ, ముక్కు, పెదవి యొక్కొక్కటిగా మెరసి కన్నులకు గట్టును. తెల్లని చర్మము రూపము నీడవలన తెలియును. నల్లని చర్మము రూపము నీడవలనను, మెరుపువలనను గూడ తెలియును. కావున చామనచాయ పిల్లలకు పెద్దదైన మెత్తని వెలుతురును ప్రక్కనుండి పడనిచ్చి, ఆ మెరుపును నుదుటిపై, చెంపపై వెడల్పుగా పరుచుకొననీయవలయును. పౌడరుచే ఆ మెరుపును చంపినచో మొగము బూడిదవన్నె యగును. నూనె మరకలుగా నుండకుండ శుభ్రమైన గుడ్డతో అద్దిన చాలును.

తెల్లని తెర మరియొక చిక్కు. చూచిన దృశ్యమంతయు నడితరపు వెలుగుగా నుండవలయునని కెమేరా తలపు. వెనుక తెల్లదనము మిక్కుటముగ నున్నచో అది భ్రమించి అంతయు తగ్గించును, మొగము నల్లబడును. పిదప నల్లబడినదని తెల్లపరతురు! బూడిదవన్నె గోడయో, మసకనీలపు తెరయో, మెత్తని ఆకుపచ్చయో వెనుక నుండినచో ఈ రెండు పాట్లును తప్పును. పిల్ల తెరకు నాలుగైదడుగులు ముందుగా కూర్చుండుట మంచిది.

ఈ సంగతు లన్నియు ఒక్కనాట తెలిసినవి గావు. మా వారు బడి గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకములు చదివి, మా చెంబులపైనను దేవుని విగ్రహములపైనను దీపము త్రిప్పి చూచుకొంటిమి. పిదప ఒక ఆదివారము వికారాబాదున రైలెక్కి తాండూరు పోయితిమి. "ఫొటో వద్దు పెద్దమ్మా" అని పిల్ల మొదటనే యన్నది. "నీ ఫొటో గాదు బిడ్డా, నేను చేసిన తప్పును దిద్దుకొన నిమ్ము" అంటిమి. అది కొంతసేపు మాటాడక, పిదప వచ్చి కూర్చున్నది.

ఉదయము తొమ్మిది గంటలు. ఇంటి ముంగిలి ఉత్తరముఖము. ఉత్తరపు వాకిటిలో ఎండ నేరుగా పడుట తక్కువ. వెలుతురు మాత్రము దండిగా నుండును. ఇంటిలోని దీపము లార్పించి, గడపకు మూడడుగుల లోపల స్టూలు వేసి, పిల్లను వాకిటివైపు సగము తిరిగి కూర్చుండు మంటిమి. ఎడమ చెంప వెలుతురున, కుడిచెంప నీడన నున్నవి. నీడ మిక్కిలి చిక్కగా నుండుటచే మరిదిగారి తెల్లపంచె నొకదానిని కుర్చీపై పరచి కుడివైపున రెండడుగుల దూరమున నిలిపితిమి. వెంటనే నీడ లేతబడి, అందలి కన్ను తెరచుకొన్నట్లు తోచినది. వారి యింటి నేల పసుపువన్నె తాండూరుబండ. దానిపై బడిన వెలుతురు పైకి లేచి గడ్డముక్రింద పసుపు పూసినట్లు కనబడగా, పిల్ల యొడిముందర నేలపై మరియొక తెల్లదుప్పటి పరచితిమి. ఏ వస్తువునుండి వెలుతురు తిరిగివచ్చునో ఆ వస్తువు వన్నెను మోసికొని వచ్చును. ఎఱ్ఱగచ్చు, ఆకుపచ్చ గోడ యున్న యిండ్లలో దీనిని మరువరాదు.

తీసినది ఫోనుతోనే. అందులో అందము పెంచు మీట యొకటి గలదు. అది చర్మపు నూగును, పుట్టుమచ్చలను తుడిచివేయును. దానిని ముందుగా ఆపివేయించితిమి. దగ్గరగా వచ్చి తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును గాన, ఐదారడుగుల దూరమున నిలిచి, రెండింతలు దగ్గర జేయు మీట నొక్కితిమి. తెరపై పిల్ల చెంపమీద వ్రేలు తాకించి, ఆ చెంప యెట్లున్నదో అట్లే కనబడువరకు వెలుగును కొంచెము తగ్గించితిమి. కంటిపాపలో వాకిలి చిన్న చదరముగా మెరయుచున్నదో లేదో చూచుకొంటిమి. ఆ మెరపు లేనిచో కన్ను నిద్రపోయినట్లుండును.

పదునేడు బొమ్మలు తీసితిమి. వానిలో పదునారింట పిల్ల బిగిసికొనియే యున్నది. పదునేడవదాని యప్పుడు మరిదిగారు లోపలినుండి, "నా పంచె ఎక్కడ పోయింది?" అని కేకవేసిరి. పిల్ల నవ్వినది. ఎడమ బుగ్గపై సొట్ట పడినది. ఆ సొట్టలో చిటికెడు నీడ నిలిచినది. మా యమ్మ పోయి తొమ్మిదేండ్లయినది. ఆ నీడలో మాకు మా యమ్మ కనబడినది.

స్టూడియోకే పోవువారు సిగ్గుపడక అడుగవలసిన మాటలను జెప్పెదము. ఒక దీపమును ప్రధానముగా జేసి ప్రక్కగా, కంటికంటె ఎత్తున పెట్టుమనుడు. రెండవ దీపమున్నచో దానిబలము మొదటిదానిలో సగమునకు మించకుండ, లేదా దానికి బదులు తెల్లపలక నుంచుమనుడు. జడకును భుజములకును వెనుకనుండి చిన్న దీపమొకటి పెట్టినచో నల్లని జుట్టు వెనుకతెరలో కలిసిపోదు. కంటద్దములవారు దీపమును మరికొంత ఎత్తింపవలయును. అద్దములలో దీపము గనబడదు. బంగారునగలు ఎక్కువైనచో వెలుతురునంతయు అవియే లాగికొనును. చివరకు, "రంగు మార్చవద్దు, మచ్చలు తీయవద్దు" అని ముందుగనే చెప్పుడు. నిన్న పుట్టి రేపు పోవు మొటిమను తుడిచిన తప్పులేదు. పుట్టుకతో వచ్చినదానిని తుడువరాదు.

కొందరు సోదరీమణులు, "లోకము తెల్లదనమే కోరుచుండగా మన మొక్కరము నిజము చూపి పిల్లకు నష్టము చేయవలెనా?" అని యడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. మేమును ఆ భయముచేతనే స్టూడియోలో నోరు తెరచితిమి. కాని బొమ్మ చూచి కాదనువారు దూరముననే కాదందురు. ఆ మాట పిల్ల చెవిని బడదు. బొంకుబొమ్మను చూచి ఔనని వచ్చినవారు ఇంటి నడుమ కూర్చుండి, పిల్ల మొగము చూచుచు కాదందురు. వీనిలో ఏది నష్టమో తల్లులే యోచింపవలయును.

ఆ పదునేడవ బొమ్మను మా చెల్లెలు సంబంధములవారికి పంపుచున్నది. ఇంకను ఏదియు కుదురలేదు, కుదిరినప్పుడు కుదురును. పిల్ల హైదరాబాదున ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్నది. మొన్న మేము తాండూరు పోయినపుడు దాని సర్టిఫికెట్ల సంచి తెరచియుండగా, లోపలి యట్టకు ఆ బొమ్మ యంటించియుండుట చూచితిమి. ఎవరు అంటించి రని అడుగలేదు. పాత తెల్లబొమ్మ యేమయినదని మాత్ర మడిగితిమి. "అది నాది కాదు గద పెద్దమ్మా, నువ్వే తీస్కపో" అన్నది. తీసికొనివచ్చి మా పెట్టెలో దాచుకొంటిమి. తెల్లగా తీయు మని నోటికి వచ్చినపుడెల్ల చూచుకొనుటకు మాకది యవసరము.

వచ్చు మాసమున ఇంటిలోని పాత ఛాయాచిత్రములకు చెదలును చెమ్మయు తగులకుండ కాపాడుకొను నుపాయములను వ్రాయుదుము.